మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ వృత్తిగా ఎంచుకునేవారికి: ఏది ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి

గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన ఈ ఆటలో, కేజ్ (చుట్టూ కంచె కట్టిన బరి) లోపల ఒక పోటీ మామూలుగా మూడు రౌండ్లు సాగుతుంది. రౌండుకు ఐదు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విరామం. ఏడాదికి మూడు పోటీలు దొరికి, మూడూ చివరి గంట మోగేదాకా సాగినా, ఈ ఆటను వృత్తిగా ఎంచుకున్న మనిషి ఏడాది మొత్తంలో నిజంగా తలపడేది ముప్పావు గంట. మిగిలిన కాలమంతా సాధనతోనూ నిర్ణయాలతోనూ గడుస్తుంది: ఏ జిమ్‌లో చేరాలి, ఎవరితో పోటీకి సరేననాలి, ఎన్ని కిలోలు తగ్గాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టాలి, ఎప్పుడు మానుకోవాలి. చాలాకాలం ఫైటర్ల చేతులకు పట్టీలు చుట్టి, కార్నర్‌లో (విరామంలో ఫైటర్‌ను చూసుకునే మూలలో) నిలబడి చూసినవాడిగా నాకు బలంగా తోచిన మాట ఒకటుంది. ప్రత్యర్థి చేతిలో పాడైన కెరీర్ల కంటే, వద్దనాల్సిన చోట మొహమాటానికో ఆశకో సరేనన్నందువల్ల పాడైన కెరీర్లే ఎక్కువ. పంచ్ ఎలా విసరాలో, పట్టు ఎలా బిగించాలో మీ కోచ్ నేర్పుతాడు కాబట్టి ఆ సంగతి ఇక్కడ ఎత్తుకోవడం లేదు. ఈ దారిలో ఎదురయ్యే నిర్ణయాలను వచ్చే వరుసలోనే చెబుతాను.

ముందు ఒక్క విద్యలో లోతు

1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్ నగరంలో ఈ ఆటలో ఇప్పుడు అతి పెద్ద సంస్థ అయిన యూఎఫ్‌సీ తొలి పోటీలు జరిగినప్పుడు బరువు విభాగాలు లేవు, పాయింట్లు వేసే న్యాయనిర్ణేతలూ లేరు. ఏ యుద్ధవిద్య గొప్పదో తేల్చుకోవడానికి పెట్టిన పోటీ అది. నేల మీద పట్టులతో లొంగదీసే విద్య బ్రెజిలియన్ జియు-జిట్సు నేర్చిన రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసి విజేత అయ్యాడు. ఒక్క విద్యతో నెగ్గుకొచ్చే కాలం ఏనాడో దాటిపోయింది. అయినా అగ్రస్థానానికి చేరినవారి చరిత్ర తిరగేస్తే, దాదాపు ప్రతి ఒక్కరి వెనకా ఏళ్ల తరబడి నమ్ముకున్న విద్య ఒకటి కనిపిస్తుంది. ఖబీబ్ నుర్మగొమెదోవ్‌కు కుస్తీ, రష్యాకు చెందిన యుద్ధవిద్య కాంబాట్ సాంబో. రోండా రౌజీకి జూడో. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆమె కాంస్యం గెలిచింది. జార్జ్ సెయింట్ పియర్‌కు క్యోకుషిన్ కరాటే. అన్నీ కొద్దికొద్దిగా నేర్పే తరగతిలో మొదటి రోజు నుంచీ చేరడం కంటే, మూడు నాలుగేళ్లు ఒకే విద్యలో పోటీలకు దిగి ఆ తరువాత మిగిలినవి కలుపుకోవడం మేలని నా అభిప్రాయం. పోటీ ఒత్తిడిలో ఊపిరి అందనప్పుడు శరీరం ఆలోచించదు, తనకు బాగా పాతబడిన అలవాటునే ఆశ్రయిస్తుంది. అలాంటి అలవాటు ఒకటైనా ఉండాలి.

ఎంచుకునే అవకాశం ఉంటే కుస్తీ ఎంచుకోండి. పోరాటం నిలబడి జరగాలా, నేల మీద జరగాలా అని తేల్చేది కుస్తీ వచ్చినవాడే. కాళ్లు పట్టుకుని పడగొడతాడన్న భయం లేనివాడే నిశ్చింతగా తన్నగలడు. అయితే చిన్నప్పుడు కుస్తీ నేర్వలేదని నిరాశపడనక్కరలేదు. సెయింట్ పియర్ కరాటేతో మొదలై, వయసొచ్చాక కెనడా కుస్తీ యోధులతో కలిసి సాధన చేసి, తన విభాగంలో అందరికంటే బాగా పడగొట్టేవాడిగా పేరు తెచ్చుకున్నాడు. ఇరవై అయిదు దాటినవారికీ దారి మూసుకుపోలేదు. కామెరూన్‌లో ఇసుక క్వారీలో పనిచేస్తూ పెరిగిన ఫ్రాన్సిస్ ఎన్‌గాను ఈ ఆటలోకి అడుగుపెట్టింది 2013లో. 2021 మార్చిలో యూఎఫ్‌సీ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. కాకపోతే అలా ఆలస్యంగా వచ్చి నెగ్గినవారు ఎక్కువగా పై బరువు విభాగాల్లోనే కనిపిస్తారు. తక్కువ బరువు విభాగాల్లో వేగమే ప్రాణం, వేగం వయసుతో ముందుగా జారిపోతుంది.

జిమ్‌ను ఎలా చూడాలి

గోడ మీద వేలాడే బెల్టులను, ఫొటోలను చూసి జిమ్‌ను ఎంచుకోవద్దు. డబ్బు కట్టకముందు ఒక సాయంత్రం స్పారింగ్ (జోడీతో చేసే సాధన పోరు) జరిగే వేళకు వెళ్లి ఓ మూల కూర్చోండి. అందరి కళ్లూ బాగా ఆడేవాడి మీదకు పోతాయి. మీరు మాత్రం కొత్తగా చేరినవాడిని గమనించండి. అతడికి ఎలాంటి జోడీని ఇచ్చారు? దెబ్బ తగిలి అతడి కాళ్లు తడబడగానే ఎదుటివాడు ఆగాడా, ఇదే అదనని మీదపడ్డాడా? ఆ క్షణంలో కోచ్ గడియారం చూస్తున్నాడా, మనుషులను చూస్తున్నాడా? కొత్తవాడిని కాపాడని జిమ్ రేపు మిమ్మల్నీ కాపాడదు.

పట్టు వదిలే మర్యాదను కూడా గమనించాలి. గొంతు పట్టులో చిక్కినవాడు చేత్తో రెండుసార్లు తట్టగానే ఆ క్షణమే పట్టు వదలడం అన్నిచోట్లా ఉన్న నియమమే. మడమను పట్టుకుని మోకాలిని మెలితిప్పే హీల్ హుక్ విషయంలో అది సరిపోదు. అందులో నొప్పి తెలిసే సరికే లిగమెంట్ తెగిపోయి ఉండవచ్చు. అందుకని మంచి జిమ్‌లో ఆ పట్టు కుదిరిందని ఇద్దరికీ అర్థం కాగానే, తట్టేదాకా ఆగకుండా, పట్టినవాడే వదిలేసి "సరే, మళ్లీ" అంటాడు. ఆ ఒక్క మాట వినిపించే చోట చేరితే మీ మోకాళ్లు పదేళ్లు మన్నుతాయి.

మ్యాట్లను రోజూ క్రిమిసంహారక ద్రవంతో తుడుస్తారో లేదో అడగడానికి సిగ్గుపడవద్దు. తామర, స్టాఫ్ ఇన్ఫెక్షన్ (చర్మం మీద పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా) ఈ ఆటలో నిత్యం ఉండే బెడదలు. 2017 అక్టోబరులో కెవిన్ లీ తాత్కాలిక టైటిల్ కోసం దిగినప్పుడు అతడి ఛాతీ మీద స్టాఫ్ పుండు టీవీలో చూసేవారికి కూడా కనిపించింది. మూడో రౌండులో అతడు లొంగిపోయాడు. చర్మం మీద ఎర్రగా, వేడిగా, నొప్పిగా గడ్డ తేలితే అది సాలీడు కుట్టిందని సర్దిచెప్పుకోకుండా వైద్యుడికి చూపించండి, అది మానేదాకా మ్యాట్ ఎక్కవద్దు.

అమెచ్యూర్ దశను తొందరగా దాటేయవద్దు

డబ్బు లేని పోటీలు కాబట్టి అమెచ్యూర్ దశ వృథా అని చాలామంది అనుకుంటారు. నిజానికి తప్పు చేసినా మీ ప్రొఫెషనల్ రికార్డు మీద మచ్చ పడని దశ అదొక్కటే. 2012లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఐఎంఎంఎఎఫ్ నియమాల ప్రకారం అమెచ్యూర్ పోటీ మూడు నిమిషాల రౌండ్లు మూడు. కాళ్లకు షిన్ గార్డులు (ముంగాలికి మెత్తటి రక్షణ) ఉంటాయి, మోచేతి దెబ్బలకు అనుమతి లేదు. ఎనిమిది పది పోటీలైనా ఇలా ఆడితే, వెలుతురులో జనం అరుస్తుండగా మీ ఊపిరి ఎలా ఉంటుందో, బరువు తగ్గాక శరీరం ఎలా పలుకుతుందో తెలుస్తుంది. ఓడిన మరుసటి వారం మళ్లీ జిమ్‌కు రావాలనిపిస్తుందో లేదో కూడా తెలుస్తుంది; అది ముందే తెలుసుకోవలసిన విషయం.

ప్రొఫెషనల్ అయ్యాక ప్రతి గెలుపూ ఓటమీ షెర్‌డాగ్, టాపాలజీ వంటి రికార్డుల జాబితాల్లోకి ఎక్కుతుంది, ఇక చెరగదు. పెద్ద సంస్థల్లో పోటీలు కుదిర్చే మ్యాచ్‌మేకర్లు మొదట తెరిచి చూసేది ఆ పేజీలనే. అందుకే తొలి అయిదారు పోటీల ఎంపిక చాలా జాగ్రత్తగా జరగాలి. ఒక్క గెలుపు కూడా లేని ప్రత్యర్థులను వరుసగా ఓడించి ఎనిమిది-సున్నా రికార్డు కూడగట్టుకుంటే ఎవరూ మోసపోరు. ప్రత్యర్థి పేరు నొక్కితే అతడి రికార్డూ తెరుచుకుంటుంది. అలాగని మూడో పోటీలోనే ఇరవై పోటీల అనుభవం ఉన్నవాడితో తలపడటం ధైర్యం అనిపించుకోదు. మీకు ఇంకా రాని ఒక్క విషయాన్ని పరీక్షించే ప్రత్యర్థి సరైన ప్రత్యర్థి: ఒకసారి మంచి కుస్తీవాడు, మరోసారి పొడవాటి చేతుల ఎడమచేతివాటం బాక్సర్, ఆ తరువాత మూడో రౌండులో కూడా అలసిపోనివాడు.

ఫోన్ వచ్చినప్పుడు వెంటనే సరేనవద్దు. ప్రత్యర్థి ఎవరు, ఏ బరువులో, తూకం ఎన్ని గంటలకు, పోటీ ఏ నియమాల కింద, వైద్యుడు కేజ్ పక్కన ఉంటాడా, అంబులెన్స్ బయట నిలబడి ఉంటుందా, గాయమైతే ఖర్చు ఎవరు భరిస్తారు అని అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. వైద్యుడూ అంబులెన్సూ లేని పోటీకి ఎంత డబ్బిచ్చినా వెళ్లకూడదు. ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

కొద్ది రోజుల వ్యవధిలో, ఎవరో గాయపడి తప్పుకున్నందువల్ల వచ్చే అవకాశాల సంగతి కొంచెం వేరు. 2016 జూన్‌లో మైఖేల్ బిస్పింగ్ మూడు వారాలైనా వ్యవధి లేకుండా లూక్ రాక్‌హోల్డ్‌తో టైటిల్ పోటీకి ఒప్పుకుని తొలి రౌండులోనే నాకౌట్ చేశాడు. ఆ కథ విని ప్రతి పిలుపుకూ పరుగెత్తేవారు, అప్పటికి అతడికి యూఎఫ్‌సీలోనే పదేళ్ల అనుభవం ఉందన్న సంగతి మరచిపోతారు. రాక్‌హోల్డ్‌తో అతడు అంతకుముందు ఒకసారి తలపడి ఓడాడు కూడా. ఎదుటివాడు తెలియని మనిషి కాదు. బరువు దగ్గరలో ఉండి, గాయాలేవీ లేకుండా, సాధన ఆపకుండా సాగుతున్నప్పుడే అలాంటి పిలుపుకు సరేనండి.

స్పారింగ్: తలను దాచుకోవడం

పోటీల్లో తగిలే దెబ్బలు లెక్కకు వస్తాయి, జిమ్‌లో తగిలేవి ఎవరూ లెక్కపెట్టరు. ఏడాదికి ముప్పావు గంట పోటీ ఆడే మనిషి, వారానికి మూడు రోజులు గట్టిగా స్పారింగ్ చేస్తే, మెదడుకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం తన సొంత జట్టువాళ్లు కొట్టినవే అవుతాయి. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ 2011 నుంచి లాస్ వేగాస్‌లో ప్రొఫెషనల్ ఫైటర్ల మెదడు ఆరోగ్యాన్ని ఏటా పరీక్షిస్తూ అధ్యయనం చేస్తోంది. తలకు పదే పదే దెబ్బలు తగలడానికీ మెదడు నష్టానికీ ఉన్న సంబంధం ఇప్పుడు ఎవరూ కాదనలేనిది.

పోటీకి ఎనిమిది వారాల శిక్షణలో గట్టి స్పారింగ్ వారానికి ఒక్కసారి చాలు. అది కూడా మధ్య నాలుగైదు వారాలకే పరిమితం చేసి, చివరి పది రోజుల్లో పూర్తిగా ఆపేయాలి. మిగిలిన రోజుల్లో తలకు తాకనీయకుండా ఒంటికి మాత్రమే కొట్టే రౌండ్లు, గోడకు ఆనించి పట్టే కుస్తీ, ముందే అనుకున్న స్థితి నుంచి మొదలుపెట్టే గ్రాప్లింగ్ (దెబ్బలు లేని పట్టుల పోరు), కోచ్ పట్టుకునే ప్యాడ్లు సరిపోతాయి. 2020 జూలైలో అలెగ్జాండర్ వోల్కనోవ్‌స్కీతో రెండోసారి తలపడే ముందు మాక్స్ హాలొవే స్పారింగే చేయలేదు. ఓడినా, ఆ పోటీ ఎంత దగ్గరగా సాగిందంటే గెలిచింది అతడేనన్న వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. కొత్తవారికి స్పారింగ్ తప్పదు, దూరం కొలిచే కన్ను దానివల్లే వస్తుంది. కానీ ఇరవై పోటీలు ఆడినవాడికి దానిలో నేర్చుకునేది తగ్గుతూ, పోగొట్టుకునేది పెరుగుతూ పోతుంది.

తలకు దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మినా, ఆ సాయంత్రం తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, వెలుతురు భరించలేకపోయినా ఆ వారం స్పారింగ్ అయిపోయినట్టే. వైద్యుడు సరేననేదాకా మళ్లీ గ్లవ్స్ వేసుకోకూడదు. మొదటి దెబ్బ మానకముందే తగిలే రెండో దెబ్బ ప్రాణాంతకం కావచ్చు. కోచ్ ఏమనుకుంటాడో అని దాచిపెట్టే కుర్రవాళ్లను చూశాను. నిజంగా మీ మేలు కోరే కోచ్ అయితే చెప్పినందుకు మెచ్చుకుంటాడు.

తూకం

పురుషులకు ఫ్లైవెయిట్ 56.7 కిలోల నుంచి హెవీవెయిట్ 120.2 కిలోల వరకు ఎనిమిది విభాగాలు అందరికీ తెలిసినవి. యూఎఫ్‌సీలో మహిళల విభాగాలు 52.2 కిలోల స్ట్రావెయిట్‌తో మొదలవుతాయి. లైట్‌వెయిట్ 70.3 కిలోలు, వెల్టర్‌వెయిట్ 77.1 కిలోలు. ఈ రెండింటి మధ్య పడే మనిషికి ఉండే తాపత్రయం ఏమిటంటే, పై విభాగంలో పెద్దవాళ్లతో తలపడే బదులు, ఒంట్లో నీరంతా పిండి కింది విభాగానికి దిగి, తూకం అయ్యాక మళ్లీ నింపుకుని, చిన్నవాళ్ల మీద బలం చూపించాలని. ఎదుటివాడూ అదే పని చేస్తున్నాడు కాబట్టి చివరికి ఇద్దరూ ఒకే పరిమాణంలో, కాకపోతే ఇద్దరూ నీరసంగా, కేజ్‌లో నిలబడతారు.

ఈ పని మనుషులను చంపింది. 2015 డిసెంబరులో చైనాకు చెందిన 21 ఏళ్ల యాంగ్ జియాన్ బింగ్, ఆసియాకు చెందిన వన్ చాంపియన్‌షిప్ సంస్థ పోటీకి బరువు తగ్గించుకునే క్రమంలో కుప్పకూలి మరణించాడు. ఆ తరువాత ఆ సంస్థ శరీరంలో నీటిశాతం పడిపోలేదని మూత్ర పరీక్షతో నిర్ధారించే పద్ధతి తెచ్చి, విభాగాల పరిమితులను పైకి జరిపింది. అందుకే అక్కడ లైట్‌వెయిట్ అంటే 77.1 కిలోలు. తరువాతి కాలంలో యూఎఫ్‌సీలో రెండు విభాగాల చాంపియన్ అయిన డేనియల్ కార్మియే 2008 ఒలింపిక్స్‌కు కుస్తీలో వెళ్లి, బరువు తగ్గే ప్రయత్నంలో మూత్రపిండాలు దెబ్బతిని, ఒక్క కుస్తీ కూడా పట్టకుండా తిరిగొచ్చాడు.

విభాగం ఎంచుకోవడానికి నేను చెప్పే లెక్క ఇది. పోటీకి వారం ముందు, మామూలుగా తింటూ తాగుతూ ఉన్నప్పటి మీ బరువు, పరిమితి కంటే అయిదు శాతానికి మించి ఉండకూడదు. 70.3 కిలోల విభాగమైతే వారం ముందు 74 కిలోల దగ్గర ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే కొవ్వును ఎనిమిది పది వారాల పాటు, వారానికి అర కిలో చొప్పున, నిదానంగా తగ్గించాలి. అలా తగ్గించడానికి కొవ్వే లేదంటే మీది పై విభాగం. చివరి వారంలో పిండిపదార్థాలు, ఉప్పు, పీచు తగ్గిస్తే చాలావరకు బరువు దానంతట అదే దిగుతుంది. కండరాల్లో నిల్వ ఉండే ప్రతి గ్రాము గ్లైకోజెన్ (తిన్న పిండిపదార్థం నిల్వ రూపం) దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది కరిగితే ఆ నీరూ పోతుంది. మిగిలిన కొద్దిపాటి బరువు కోసం వేడినీటి తొట్టిలో కూర్చునేటప్పుడు పక్కన ఎవరో ఒకరు తప్పకుండా ఉండాలి. పది నిమిషాలు తొట్టిలో, ఆ తరువాత తువ్వాళ్లు చుట్టుకుని మంచం మీద, ప్రతిసారీ తూకం. చెమట ఆగిపోయిందంటే, మాటకు బదులు చెప్పడం ఆలస్యమైందంటే, లేచి నిలబడగానే కాళ్లు వణికాయంటే అక్కడితో ఆపి నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎవరూ లేని గదిలో ఈ పని చేయకూడదు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్రలు నిషిద్ధ ఔషధాలు, ఆపై గుండె లయను తప్పించేవి. వాటి జోలికి పోవద్దు.

తూకం సాధారణంగా పోటీకి ముందురోజు ఉంటుంది. దిగగానే చల్లటి నీళ్లు గడగడా తాగేస్తే కడుపు తిరగబడుతుంది. ఉప్పు, చక్కెర కలిసిన ద్రవాన్ని గుక్కగుక్కగా, గంటకు లీటరు మించకుండా తాగి, తరువాత అలవాటైన తేలిక భోజనం చేయాలి. సెలైన్ ఎక్కించుకుందామని ఎవరైనా అంటే వద్దనండి. ఆసుపత్రి చికిత్సలో భాగంగా తప్ప, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరానికి ఎక్కించుకోవడం ప్రపంచ డోపింగ్ నిరోధక నియమాల కింద నేరం.

తూకంలో అరపౌండు (దాదాపు పావు కిలో) కూడా చిన్న విషయం కాదు. మామూలు పోటీలకు ఒక పౌండు సడలింపు ఉంటుంది, టైటిల్ పోటీకి ఉండదు. 2022 మేలో చార్లెస్ ఒలివేరా అరపౌండు ఎక్కువ తూగి లైట్‌వెయిట్ బెల్టును తూకం దగ్గరే పోగొట్టుకున్నాడు. మరునాడు జస్టిన్ గేత్జీని తొలి రౌండులోనే లొంగదీసినా ఆ బెల్టు తిరిగి రాలేదు.

పోటీ రోజు, నియమాలు

పోటీకి ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి రక్తపరీక్షలు, కంటి పరీక్ష, చాలాచోట్ల మెదడు స్కాన్ అడుగుతారు. వాటి నకళ్లను తేదీలతో సహా ఒక ఫైలులో దాచుకోండి. ఆ స్కాన్లు ఏళ్ల తరువాత మీ మెదడులో వచ్చిన మార్పును పోల్చి చూడటానికి ఉపయోగపడతాయి.

చేతులకు పట్టీలు చుట్టేటప్పుడు కమిషన్ (పోటీలను నియంత్రించే సంస్థ) అధికారి పక్కనే కూర్చుంటాడు. గాజుగుడ్డ, దాని మీద టేపు, వేళ్ల మధ్య సన్నటి టేపు ముక్కలు. పిడికిలి బిగించమని, తెరవమని నాలుగైదు సార్లు అంటాను. బిగించినప్పుడు గట్టిగా, తెరిచినప్పుడు రక్తం ఆడేంత వదులుగా ఉండాలి. వేళ్ల కొనలు చల్లబడుతున్నాయంటే మొత్తం విప్పి మళ్లీ చుట్టాల్సిందే. అంతా అయ్యాక అధికారి టేపు మీద పెన్నుతో సంతకం చేస్తాడు. ఆ సంతకం పడ్డాక పట్టీ ముట్టుకోకూడదు. కాబట్టి ఎక్కడైనా నొక్కుతోందంటే మొహమాటపడకుండా ఆ పెన్ను కదలకముందే చెప్పండి.

న్యాయనిర్ణేతలు రౌండు గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది లేదా ఇంకా తక్కువ వేస్తారు. వాళ్లు మొదట చూసేది దెబ్బల, పట్టుల ప్రభావం. అందులో ఇద్దరూ పూర్తిగా సమానమైతేనే దూకుడును, అదీ సమానమైతేనే కేజ్ మీద ఆధిపత్యాన్ని లెక్కలోకి తీసుకుంటారు. పడగొట్టి మూడు నిమిషాలు ఊరికే పైన పడుకుంటే రౌండు మీదేనన్న నమ్మకం ఎంతోమందిని ఓడించింది. పడగొట్టాక దెబ్బలు వేయాలి, లేదా లొంగదీసే పట్టుకు గట్టిగా ప్రయత్నించాలి.

ఏ నియమాల కింద ఆడుతున్నారో ప్రతిసారీ రిఫరీ సమావేశంలో అడిగి తెలుసుకోండి. 2009 డిసెంబరులో జోన్ జోన్స్ స్పష్టంగా గెలుస్తున్న పోటీలో, నిలువుగా పైనుంచి కిందికి మోచేతి దెబ్బలు వేసినందుకు మ్యాట్ హామిల్‌తో పోటీలో అనర్హుడయ్యాడు. అతడి రికార్డులో ఉన్న ఏకైక ఓటమి అది. అమెరికాలో ఏకీకృత నియమాల (ఉమ్మడి నియమావళి) నుంచి ఆ నిషేధాన్ని 2024లో తొలగించారు, కానీ నియమాల మార్పు అన్నిచోట్లా ఒకే రోజు అమలు కాదు.

డబ్బు, కాగితాలు

ఒప్పందంలో సాధారణంగా రెండు మొత్తాలు ఉంటాయి: పోటీలో దిగినందుకు ఒకటి, గెలిస్తే అంతే మొత్తం మరొకటి. పదివేల డాలర్లు, గెలిస్తే మరో పదివేలు అనుకుందాం. మీరు ఓడారు. పదివేలలో మేనేజరుకు పదిహేను శాతం, అంటే 1,500. జిమ్‌కు పది శాతం, 1,000. రెండో కార్నర్ మనిషి ప్రయాణానికి, వైద్య పరీక్షలకు 1,500. ఎనిమిది వారాల తిండి, ఫిజియోథెరపీ, స్పారింగ్ జోడీల ఖర్చు 2,000. మిగిలేది 4,000, ఇంకా పన్ను కట్టలేదు. ఏడాదికి రెండు పోటీలే దొరికితే సంగతేమిటో మీరే లెక్క వేసుకోండి. అందుకే తొలి ఏళ్లలో వేరే ఉద్యోగం వదలవద్దంటాను. డెమెట్రియస్ జాన్సన్ టైటిల్ పోటీ దాకా ఉద్యోగం చేస్తూనే ఆడాడు. స్టీపే మియోచిచ్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాక కూడా అగ్నిమాపక ఉద్యోగం మానలేదు. అద్దె భయం లేనివాడే పనికిరాని పోటీని వద్దనగలడు.

సంతకానికి ముందు క్రీడా ఒప్పందాలు తెలిసిన న్యాయవాదితో ప్రతి పేజీ చదివించండి; మేనేజరు పరిచయం చేసిన న్యాయవాది కాకుండా మీరు వెతుక్కున్నవాడై ఉండాలి. ప్రత్యేకంగా చూడాల్సినవి ఇవి: ఎన్ని పోటీలు, ఎంత కాలం, ఏది ముందు ముగిస్తే ఒప్పందం ముగుస్తుంది, గాయంతోనో విరామంతోనో ఖాళీగా ఉన్న నెలలు కాలపరిమితికి కలుపుతారా, చాంపియన్ అయితే ఒప్పందం దానంతట అదే పొడిగించబడుతుందా, ముగిశాక మరో సంస్థ ఇచ్చే మొత్తాన్ని సరిసమానంగా ఇచ్చి మిమ్మల్ని నిలుపుకునే హక్కు ఉందా, ఉంటే ఎన్ని నెలలు, మీ పేరు, బొమ్మ వాడుకునే హక్కు ఎంత కాలం, కోరిన ప్రకటనదారు చిహ్నాన్ని వేసుకోవచ్చా. ఫైటర్లను చాలా సంస్థలు ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగానే చూస్తాయి, కాబట్టి కాగితంలో లేనిది ఎవరూ ఇవ్వరు. బాక్సర్ల రక్షణకు అమెరికా 2000లో ముహమ్మద్ అలీ పేరిట చేసిన చట్టం ఈ ఆటకు వర్తించదు. యూఎఫ్‌సీ మీద 2014లో మాజీ ఫైటర్లు వేసిన దావా 37.5 కోట్ల డాలర్ల పరిహారంతో 2025లో కొలిక్కి వచ్చింది. అంటే తమ జీతం న్యాయమైనదా కాదా అన్న ప్రశ్నకు వాళ్లు పదేళ్లు కోర్టు గుమ్మం దగ్గర నిలబడాల్సి వచ్చింది. ఎన్‌గాను మాత్రం చాంపియన్‌గా ఉండగానే కొత్త ఒప్పందాన్ని కాదని, పాతది ముగిసేదాకా ఓపిక పట్టి, 2023 జనవరిలో బయటికి వచ్చాడు. అదే ఏడాది అక్టోబరులో రియాద్‌లో హెవీవెయిట్ బాక్సర్ టైసన్ ఫ్యూరీతో బాక్సింగ్ ఆడాడు. ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో కచ్చితంగా తెలియబట్టే అతడు వద్దనగలిగాడు.

డోపింగ్ గురించి ఒక్క మాట. మీ ఒంట్లో నిషిద్ధ పదార్థం దొరికితే అది ఎలా వచ్చిందో రుజువు చేసుకునే బాధ్యత మీదే. కండపెంచే పొడుల్లో కల్తీ మామూలు విషయం. స్వతంత్ర సంస్థ పరీక్షించి ధ్రువీకరించినవి తప్ప వాడవద్దు, వాడిన ప్రతి డబ్బా నుంచి కొంచెం పొడిని సీలుచేసి దాచిపెట్టండి.

ఎప్పుడు ఆపాలి

నాకౌట్ తరువాత కమిషన్ కొన్ని వారాల నుంచి నెలల వరకు వైద్య నిషేధం విధిస్తుంది. ఆ గడువు కనీసం మాత్రమే, అది ముగిసిన రోజే శిక్షణ మొదలుపెట్టాలని కాదు. నేను చూసినంతలో, ఫైటర్ తనకు తానుగా గుర్తించలేని మార్పులు మూడు: ఇదివరకు తట్టుకున్న దెబ్బకే పడిపోవడం, పేర్లు మరచిపోవడం, ఇంట్లో చిన్న మాటకే కోపం రావడం. మొదటిది కోచ్‌కు తెలుస్తుంది, మిగిలిన రెండూ ఇంట్లోవాళ్లకు తెలుస్తాయి. ఖబీబ్ 2020 అక్టోబరులో 29 పోటీల్లో ఓటమి లేకుండా, 32 ఏళ్లకే తప్పుకున్నాడు. కోచ్ కూడా అయిన తండ్రి చనిపోయాక, ఆయన లేకుండా ఇక ఆడనని తల్లికి మాటిచ్చానని చెప్పాడు. అంత స్పష్టమైన కారణం అందరికీ దొరకదు, ఓడినవాడికి ఇంకొక్క పోటీ అనిపిస్తుంది, గెలిచినవాడికీ అదే అనిపిస్తుంది.

కాబట్టి ఆ నిర్ణయాన్ని తల చల్లగా ఉన్నప్పుడే తీసుకోండి. మొదటి ప్రొఫెషనల్ పోటీకి ముందే ఒక కాగితం మీద మీ చేత్తో షరతులు రాయండి: వరుసగా రెండుసార్లు నాకౌట్ అయితే ఏడాది విరామం, మూడోసారి అయితే ఇక చాలు, ఏటా తీసే స్కాన్‌లో మార్పు కనిపిస్తే వైద్యుడి మాటే చివరి మాట, ఇంట్లో ఫలానా వ్యక్తి మానుకోమంటే కారణం అడగకుండా ఆరు నెలలు ఆగడం. ఒక నకలు కోచ్‌కు, ఒకటి ఇంట్లో ఆ వ్యక్తికి ఇవ్వండి. రాసిన తేదీ, సంతకం మరచిపోవద్దు; వాళ్లు ఆ కాగితం తీసి మీ ముందు పెట్టే రోజున, అది రాసింది మీరేనని ఒప్పుకోవడానికి అవి అవసరమవుతాయి.